అడగడం తెలియని లిఫ్టు బాబాయి

మా పెద్దాసుపత్రిని ముందు కట్టి, ఆ తర్వాత అందులో లిఫ్టు పెట్టారని అందరూ అనుకుంటారు. తప్పు. ముందు లిఫ్టే ఉండేది. అందులో స్టూలు వేసుకుని మా బాబాయి కూర్చుని ఉండేవాడు. మనిషి ఊరికే పైకీ కిందికీ తిరుగుతున్నాడని జాలిపడి దాని చుట్టూ ఆసుపత్రి కట్టారు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా.

నేను కాలేజీ చదువు మధ్యలో వదిలేసినవాణ్ణి. నేను వెళ్లిపోయాక అక్కడి లెక్చరర్లకు నోట మాట రాలేదని, ప్రిన్సిపాలుగారు గేటు పట్టుకుని నా దారి చూసేవారని అప్పట్లో గట్టిగా చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే అయినా గట్టిగానే చెప్పుకున్నాను. అంతటివాడికి మా ఇంట్లో దొరికిన కొలువు ఏమిటంటే మధ్యాహ్నం పూట బాబాయికి అన్నం క్యారియర్ తీసుకెళ్లడం. అలా వెళ్లి సాయంత్రం దాకా ఆ లిఫ్టులోనే కాలక్షేపం చేసేవాణ్ణి. నా పడుచుతనం సగం ఆ లిఫ్టులోనే గడిచింది. ఇప్పటికీ ఫినాయిల్ వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది.

పాతకాలపు లిఫ్టు అది. ఇనప జాలీ తలుపు, లోపల గోడకు ఇత్తడి పిడి. పిడి అటు తిప్పితే పైకి, ఇటు తిప్పితే కిందికి. ఎక్కడ ఆగాలో లిఫ్టుకు తెలియదు, ఆపేవాడికి తెలియాలి. బెత్తెడు ఎత్తులో ఆగిందంటే స్ట్రెచరు చక్రం దబ్బున కిందపడి, కుట్లు వేయించుకున్నవాళ్లకు ప్రాణం కళ్లలోకి వచ్చేది. బాబాయి ఆపితే మాత్రం లిఫ్టు నేల వరండా నేలతో కలిసిపోయేది. ఒక పెద్దమనిషి స్ట్రెచరు మీద నిద్రపోతూ పైకెళ్లి, ఆపరేషన్ చేయించుకుని, కిందికొచ్చి, ఇంటికి చేరాక లేచి "ఎప్పుడు బయల్దేరుతున్నాం" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

అన్నిటికన్నా పై అంతస్తులో ఆపరేషన్ థియేటర్, దాని కింద కాన్పుల వార్డు, ఆ కింద పిల్లల వార్డు. నేల అడుగున బట్టలు ఉతికే గది, దాని పక్కన శవాల గది. ఆ శవాల గదికి వెళ్లాల్సినవాళ్లు ఎక్కినప్పుడు బాబాయి ఏమీ అడిగేవాడు కాదు. వీధి చివరికి వినబడే ఆ జాలీ తలుపును మాత్రం రెండు చేతులతో పట్టుకుని చప్పుడు కాకుండా మూసేవాడు.

ఇంత పనిమంతుడూ దాన్ని తన పని అనుకునేవాడు కాదు. చెవుల మీద జుట్టు నెరుస్తున్నా "ఇది తాత్కాలికంరా" అనేవాడు.

"ఎప్పటిదాకా బాబాయ్ తాత్కాలికం?"

"పిలుపు వచ్చేదాకా."

బాబాయి చిన్నతనంలో ఒక ప్రార్థన కూటానికి ఎవరో ఒకాయన వచ్చి తన అనుభవాలు సాక్ష్యంగా చెప్పారట. ఎక్కడో కొండల మీద, బాట కూడా లేని పల్లెల్లో సేవ చేస్తున్న మనిషి. వింటూ ఉండగా బాబాయికి గుండె ఝల్లుమందట. తను దేనికి పుట్టాడో ఆ పూటే తెలిసిపోయిందట. కొండలకు వెళ్లాలి, ఆ మనుషుల మధ్య బతకాలి, అంతే. ఆనాటి నుంచి దేవుడి పిలుపు కోసం కనిపెట్టుకుని ఉన్నాడు.

మా చర్చిలో ఏటా ఒక ఆదివారం సమర్పణ ఆరాధన జరిగేది. తమను తాము ప్రభువు సేవకు అప్పగించుకునేవాళ్లు ముందుకు రమ్మని పాస్టరుగారు పిలిచేవారు. ప్రతి ఏడూ బాబాయి లేచి వెళ్లి మోకరించేవాడు. పాస్టర్లు మారిపోతూ ఉండేవారు. వచ్చిన ప్రతి కొత్తాయనా తన ప్రసంగానికే ఈ మనిషి కరిగిపోయాడని మురిసిపోయేవారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. బాబాయి కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చునేవాడు. సోమవారం మళ్లీ లిఫ్టు.

పిన్ని ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆవిడ చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒక కత్తెర.

"వెళ్లొచ్చారా? మీ లిఫ్టు నయం, అంతస్తైనా మారుతుంది" అనేది.

"నీకు ఓపిక లేదే."

"ఓపిక లేకుండానే మీతో కాపురం చేస్తున్నానా?"

అలా అంటూనే, కొండల మీద చలి ఎక్కువని ఎవరో చెప్పగా, బాబాయికి రెండు స్వెట్టర్లు అల్లి పెట్టెలో దాచింది. బాబాయి పొట్ట పెరిగినప్పుడల్లా వాటిని విప్పి మళ్లీ అల్లేది.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. నేను క్యారియర్‌తో ఎక్కాను. నా వెనకే కోటు వేసుకున్న ఒక భారీ మనిషి పళ్ల సంచీతో ఎక్కారు. తెలిసినవాళ్లెవరికో ఆపరేషన్ అయితే చూడ్డానికి వచ్చారట. రెండు అంతస్తుల మధ్యలో కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. ఆయన జాలీ పట్టుకుని రొప్పడం మొదలుపెట్టారు.

"ఏమైందయ్యా? ఎప్పుడొస్తుంది కరెంటు?"

"అది కరెంటువాళ్ల చిత్తమండీ" అన్నాడు బాబాయి.

"పోయినసారి వారం ఉన్నాం సార్ ఇందులో" అన్నాను నేను. "చివరికి నా బెల్టు ఉడకబెట్టుకుని..."

"నువ్వు నోరు ముయ్యరా. వీడు మా అన్నయ్య కొడుకండీ, వీడి మాటలు పట్టించుకోకండి. ఈ స్టూలు మీద కూర్చోండి. కళ్లు మూసుకోండి. నా చెయ్యి పట్టుకోండి. ఏం చేస్తుంటారు మీరు?"

ఆయన కళ్లు మూసుకునే చెప్పారు. కొండ ప్రాంతాలకు సేవకులను పంపే సంఘానికి ఆయన కార్యదర్శి.

బాబాయి ఆయన వైపు వంగి అడిగాడు. "ఆ కొండలకు మనుషుల్ని ఎట్లా తీసుకుంటారండీ?"

"దరఖాస్తు పెట్టుకుంటారు. మాట్లాడి చూసి పంపిస్తాం. ఎప్పుడూ మనుషులు చాలరు మాకు. ఎన్ని పల్లెలు ఖాళీగా వదిలేశామో."

"దరఖాస్తా అండీ?"

"మరి మాకెట్లా తెలుస్తుంది?"

"దేవుడు ఎవరినైనా పిలిస్తే మీకు కూడా చెబుతాడేమో అనుకున్నానండీ."

ఆయన నవ్వి, కళ్లు తెరిచి బాబాయి మొహం చూసి నవ్వు ఆపేశారు. "మీరు ఎప్పుడైనా అడిగారా?"

"అడిగితే అది నా ఇష్టం అవుతుంది కదండీ. అప్పగించుకున్నవాడు అడగొచ్చా? పిలిచేదాకా ఆగాలి గానీ."

"మీ వయసెంత?"

బాబాయి చెప్పాడు. ఆయన, ఆ వయసువాళ్లను సంఘం పంపదనీ, ఆ ఎత్తుల్లో నడక గుండెకు మంచిది కాదనీ మెల్లగా చెప్పారు. "మీరు కుర్రతనంలో ఒక్క మాట అడిగి ఉంటే రెండు చేతులా తీసుకునేవాళ్లం" అన్నారు. మంచిమాట అనుకునే అన్నారు పాపం. అంతకన్నా పెద్ద దెబ్బ ఆ లిఫ్టులో ఎవరికీ తగిలి ఉండదు.

కరెంటు వచ్చింది. బాబాయి పిడి తిప్పాడు. పై అంతస్తు వచ్చాక లిఫ్టు వరండాకు బెత్తెడు ఎత్తున ఆగింది. కార్యదర్శిగారు కాలు పెట్టి తూలారు. బాబాయి అది గమనించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాబాయి భోజనానికి ముందు ప్రార్థన చెయ్యడం మానేశాడు. చర్చికి రాలేదు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పిన్ని మిషను ముందు ఉంది, బాబాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను ఇన్నాళ్లూ ఆగడాన్ని ఓపిక అనుకున్నానే. భయమేమో. అడిగితే కాదంటారన్న భయం. దానికి భక్తి అని పేరు పెట్టుకున్నానేమో. దేవుడు పిలవలేదో, పిలిస్తే నేనే వినలేదో."

పిన్ని మిషను ఆపింది. కత్తెర పడుతుందని నేను తల దించుకున్నాను.

"నాకంత తెలియదు. జాకెట్టు కుట్టమని గుడ్డ నాకిచ్చి, కత్తెర వాళ్లే పట్టుకుని కూర్చుంటే నేనేం కుట్టను? మీరు మీ బతుకును దేవుడికి ఇచ్చేశానంటారు. కానీ కొండలే అని ముందే కత్తిరించి పెట్టుకున్నారు. కొండలే కావాలన్నది ఆయనా, మీరా?"

పిన్ని మళ్లీ మిషను తొక్కింది, కానీ దారం ఎక్కించకుండానే తొక్కింది.

ఆ ఏడు సమర్పణ ఆరాధనకు బాబాయి వచ్చాడు. పాస్టరుగారు పిలిచారు. చర్చి మొత్తం మెడలు తిప్పి మా వరుస వైపు చూసింది. బాబాయి లేవలేదు. పాస్టరుగారు ఇంకాసేపు ఆగారు. బాబాయి అరచేతులు తొడల మీద వెల్లకిలా పెట్టుకుని, వాటి వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు గుర్తున్నంతలో ఆయన ప్రార్థన ఆ ఒక్కరోజే నాకు అర్థమైంది.

సోమవారం సూపరింటెండెంటమ్మ గదికి వెళ్లాడు. ఆవిడ ఎదురొస్తే పెద్ద డాక్టర్లే తప్పుకుని పక్క మెట్లు ఎక్కేవారు. తలుపు దగ్గర నేనూ ఉన్నాను.

"డ్యూటీ అయిపోయాక పైన థియేటర్ బయట కూర్చోవచ్చా అమ్మా?"

"ఎవరున్నారయ్యా నీకక్కడ?"

"ఎవరూ లేరమ్మా. అక్కడ కూర్చునేవాళ్లందరినీ నేనే ఎక్కిస్తాను. ఎక్కించి, అక్కడ వదిలేసి కిందికి వచ్చేస్తున్నాను."

"ప్రసంగాలు చెయ్యనివ్వను."

"నాకు రావమ్మా. ఊరికే కూర్చుంటాను."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. "కూర్చో. ఎవరైనా విసుక్కున్నారో, కిందికి దించేస్తాను." బయటికొచ్చాక చూస్తే బాబాయి చొక్కా చెమటకు తడిసిపోయింది. తన కోసం ఆయన నోరు తెరిచి అడగడం నేను చూడ్డం అదే మొదలు.

అక్కడ ఆయన చేసిందేమిటని మీరు అడిగితే నాకే నవ్వొస్తుంది. సంచులు చూస్తూ కూర్చునేవాడు. పంపు ఎక్కడుందో చెప్పేవాడు. ఏడ్చి ఏడ్చి పడుకున్న పిల్లల తల ఒళ్లో పెట్టుకునేవాడు. ఎవరైనా అడిగితే నాలుగు ముక్కల్లో ప్రార్థన చేసేవాడు, అడక్కపోతే లేదు. "ఇంకా ఎంతసేపు పడుతుందండీ" అంటే, "తెలీదమ్మా, నేనుంటాగా" అనేవాడు. ఆ ఒక్క మాట విని మనుషులు గోడకు చేరబడి ఊపిరి వదలడం నేను ఎన్నిసార్లు చూశానో. ఇందులో కోతలేమీ లేవు.

అలాగని కొండలను మర్చిపోయాడని కాదు. చర్చికి ఆ వైపునుంచి ఎవరైనా వచ్చి సాక్ష్యం చెబుతుంటే బాబాయికి సరిగ్గా అప్పుడే దాహం వేసేది. బయట కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కునేవాడు. తిరిగి వచ్చాక పిన్ని తన కొంగు అందించేది.

ఆ లిఫ్టు ఇప్పుడు లేదు. దాని చోట బటన్ నొక్కితే తలుపులు తెరుచుకుని, ఆడగొంతుతో అంతస్తు పేరు చెప్పే పెట్టె వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండానే అందరినీ మోస్తుంది. బాబాయి కూడా లేడు. నేను మాత్రం ఆయనను తలచుకున్నప్పుడల్లా మా అమ్మాయి పుట్టిన రోజు దగ్గరికే వెళ్తాను.

బిడ్డ అడ్డం తిరిగిందని నా భార్యను థియేటర్‌లోకి తీసుకెళ్లారు. బాబాయి అప్పటికే రిటైరయ్యాడు. అయినా రోజూ వచ్చినట్టే ఆ రోజూ వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ నేల మీద మెల్లగా జరుగుతోంది.

"ఏంరా, ఇవాళ కోతలు లేవా?"

"ఉన్నాయి బాబాయ్. ఒకసారి నేను కత్తి లేకుండానే ఒకాయనకు ఆపరేషన్..." తర్వాతి మాట రాలేదు. నా జన్మలో అలా ఎప్పుడూ జరగలేదు. బాబాయి నవ్వలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

ఏదో ఒకటి మాట్లాడకపోతే పిచ్చెక్కేలా ఉండి అడిగాను. "బాబాయ్, చివరికి తెలిసిందా? ఎందుకు పుట్టావో."

నిజంగానే ఆలోచించాడు. లెక్క తప్పకుండా చెప్పాలన్నట్టు ఆలోచించాడు.

"లేదురా. మధ్యలో ఎక్కడో అడగడం మానేశాను. తీరిక దొరకలేదు."

అప్పుడే లిఫ్టులోంచి ఒకావిడ దిగింది. లోపలికి తీసుకెళ్లిన మనిషివి కాబోలు, ఒక చొక్కా, కళ్లజోడు రెండు చేతులతో పట్టుకుని, ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది.

"కొంచెం జరగరా, ఆవిడ కూర్చుంటుంది" అన్నాడు బాబాయి.

జరిగాను.