పిలవకుండా వచ్చిన ప్లగిన్

మొన్న సోమవారం పొద్దున బెజవాడ, ఉయ్యూరు చుట్టుపక్కల ఎంతమంది ఆడవాళ్లని నేను "ఒసేయ్" అన్నానో లెక్కే లేదండీ! నోటితో కాదు, వెబ్‌సైట్‌తో.

పన్నెండేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ చదువుకుని, నలభై రెండో ఏట బెంజ్ సర్కిల్ దగ్గర ఓ చిన్న ఆఫీసులో చేరాను. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌సైట్లు చేస్తాం. ఒక్కదాన్నే చేసిన మొదటి పని, ఉయ్యూరులో చేనేత చీరల షాపున్న రామారావు గారి సైటుకి ఆఫర్లు చూపించే ప్లగిన్. అంటే, సైటుకి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్. ఇది బాగా వస్తేనే ఉద్యోగం పర్మనెంట్!

ప్రాక్టీసుకని ఇంట్లో ఇంకోటి కూడా రాసుకున్నా. కోడ్ ముందు కూర్చుంటే నాకు ఒళ్లు తెలీదు, రెండుసార్లు పప్పు మాడిపోయింది. అందుకని ప్రతి పేజీ పైనా ఎర్ర పట్టీలో "ఒసేయ్, స్టవ్ కట్టేశావా?" అని వచ్చేలా పెట్టుకున్నా.

సోమవారం, ఆ రెండు ప్లగిన్లూ ఉన్న ఫోల్డర్ మొత్తం షాపు సైటు సర్వర్‌కి ఎక్కించేశా. పదింటికి రామారావు గారి ఫోను.

"పద్మ గారూ, మా కస్టమర్లు మీకేం అపకారం చేశారండీ?"

"అయ్యో, ఏమైందండీ?"

"ఓ టీచరమ్మ గారు ఫోన్ చేసి కడిగేశారు. చీర చూద్దామని వస్తే ఒసేయ్ అంటారా అని! ఆవిడ స్టవ్ నిజంగానే కట్టలేదట, అది వేరే సంగతి."

ప్లగిన్లు రిజిస్టర్ చేసే లిస్టు తెరిచా. నా స్టవ్ ప్లగిన్ పేరే లేదందులో! మరెలా వచ్చింది?

మా టీమ్ లీడ్ శ్రావణి వచ్చి చూసింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది.

"అక్కా, లిస్టులో రాయకపోయినా, ప్లగిన్ల ఫోల్డర్లో ఫైలుంటే చాలు. సైటుని నడిపే ఫ్రేమ్‌వర్కే వెతుక్కుని లోడ్ చేసి, రిజిస్టర్ కూడా చేసేస్తుంది."

పిలవని పేరంటానికి వచ్చి ముందు వరసలో కూర్చుందన్నమాట! ఠక్కున ఆ ఫైలు డిలీట్ కొట్టా.

"ఆగండక్కా!"

ఎక్కడ ఆగుతా? సైటంతా తెల్లకాగితం. ఫైలు పోయినా దాని పేరు క్యాష్‌లో, అంటే సైటు గుర్తుపెట్టుకునే చోట, అలాగే ఉందట. ఆ ఫైలు కోసం వెతికి వెతికి, దొరక్క, సైటు కూలబడింది.

మళ్లీ ఫోను. "అమ్మా, ఇందాక తిట్టడానికైనా సైటుండేది!"

శ్రావణి క్యాష్ క్లియర్ చేసింది. చీరలన్నీ తిరిగొచ్చాయి. నేను మాత్రం నా బ్యాగు సర్దుకున్నా.

"శ్రావణీ, రేపట్నుంచి రావొద్దంటారా?"

"భలేవారే! లిస్టులో ఉన్నవే లోడయ్యేలా ఇప్పుడు మార్చాలి. ఆ పని మీకంటే భయంగా, శ్రద్ధగా ఇంకెవరు చేస్తారక్కా?"

సాయంత్రానికి మార్చేశా. అంతలో రామారావు గారు మూడోసారి.

"ఆ ఎర్ర పట్టీ తిరిగి పెట్టగలరా? ఇన్నాళ్లలో మా సైట్లో అందరూ చదివింది అదొక్కటే! మంగళగిరి చీరలు వచ్చాయని రాయండి. కాస్త మర్యాదగా."

రాశా. "అమ్మగారండీ, కొత్త మంగళగిరి చీరలు వచ్చాయండీ, ఒక్కసారి చూడండీ, ప్లీజండీ."

ఐదు నిమిషాల్లో ఫోను.

"బాగుంది గానీ పద్మ గారూ, చీరలు అమ్ముతున్నట్టు లేదు, కాళ్ల మీద పడుతున్నట్టుంది. ఓ రెండు అండీలు తీసేయండి!"