అరవై టిక్కీల చదువు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చూసిన పాము ఎప్పుడూ ఓ మూరెడు ఎక్కువే ఉంటుంది. మా ఊళ్లో నా మాట విన్నవాళ్లు సగం అక్కడే దులిపేసుకుని మిగతా సగం ఇంటికి పట్టుకెళ్తారు. మీరూ అలాగే చేయండి, నేనేమీ అనుకోను.

మా అమ్మాయికి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు నామమాత్రం. తనకేమో తాడేపల్లి అవతల కొత్తగా లేచిన ప్రైవేటు యూనివర్సిటీ మీద మనసు పడింది. అక్కడ రోబోలు చేసే కోర్సు ఉందట. చిలకలూరిపేట దగ్గర మిరప పండించే మా ఇంట్లో పెద్ద ఖర్చేదైనా టిక్కీల్లోనే చెప్పుకుంటాం. టిక్కీ అంటే కాయలు తొక్కి కుట్టిన బస్తా. మా అమ్మ మోకాలి ఆపరేషన్ నలభై టిక్కీలు. ఈ చదువు ఏడాదికి అరవై. నాలుగేళ్ల బస్తాలూ గుంటూరు యార్డు నుంచి మా గుమ్మం దాకా వరసగా కనిపించి నాకు తుమ్ములు మొదలయ్యాయి.

"చూడకుండానే వద్దంటారేంటండీ, ఓసారి వెళ్లొద్దాం పదండి," అంది మా ఆవిడ.

ముగ్గురం వెళ్లాం. గేటు నుంచి ఆఫీసుకు నడిచేసరికి నా చెప్పులు కాగితాలైపోయాయి. భవనం ఎంత ఎత్తంటే, పై అంతస్తులో వాన పడుతుంటే కింద ఎండ కాస్తోంది. అడ్మిషన్ల ఆఫీసులో ఒకావిడ మర్యాదగా అన్నీ చూపించింది. ఈతకొలను, ఏసీ తరగతులు, ఒక పెద్ద గోడ నిండా ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలు. అందరూ నవ్వుతున్నారు. రానివాళ్లకు గోడ ఏదీ కట్టలేదు.

యార్డులో కాయ కొనేవాడు బస్తా మూతి దగ్గర సరుకు చూడడు. పైన ఎర్రకాయ పరిచి అడుగున రంగు పోయిన తాలుకాయ కుక్కే మహానుభావులుంటారు. అందులో ఒకాయనకు రోజూ అద్దంలో గడ్డం గీస్తాను. అందుకే కొనేవాడు బస్తా పొట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు లాగి, విరిచి, వాసన చూసి, అప్పుడు ధర చెబుతాడు.

"మీరు చూపించినవి చాలండి మేడమ్. ఇక గుప్పెడు మేమే తీసుకుంటాం," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. మా అమ్మాయికి అర్థమై తల దించుకుంది. ముగ్గురం లిఫ్టెక్కాక నేను చేతికందిన నంబరు నొక్కాను. మొదటి తలుపు తీస్తే చీపుళ్ల గది. పన్నెండు వేల చీపుళ్లు. రెండోది ల్యాబు. ఒంగోలు పక్క నుంచి వచ్చిన మూడో సంవత్సరం అమ్మాయి ఒకతి ఇనుప చెయ్యి ముందేసుకుని స్క్రూలు విప్పుతోంది.

"ఈ చెయ్యి నువ్వే చేశావా అమ్మా?"

"సగం చేశాను బాబాయ్. మిగతా సగం పాడుచేశాను."

మా అమ్మాయి పక్కనే చతికిలబడింది. "ముట్టుకోనిస్తారా అక్కా?"

"మొదటేడు ల్యాబుకు తాళమే. ఇప్పుడు తాళంచెవి మా దగ్గరే ఉంటుంది."

"తిండి ఎలా ఉంటుందమ్మా?" అంది మా ఆవిడ.

"కారం ఉండదు పిన్నీ. పచ్చడి తెచ్చుకోవాల్సిందే."

నేను అసలు కాయ విరిచాను. "మీ నాన్న పెట్టిన డబ్బుకు తగిన చదువేనా?"

"మొదట్లో దండగనిపించింది. ఇప్పుడైతే ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు బాబాయ్."

అంతే. ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకు ఆ వారమే ఉన్న ధరకు అమ్మేశాను. మిరప రైతు ధర కోసం ఆగకుండా అమ్మేసరికి మా వీధిలో నలుగురు వచ్చి నా ఆరోగ్యం వాకబు చేసి వెళ్లారు.

చెప్పులూ వానా చీపుళ్లూ నేను పెంచినవి. పెంచడం వేరు, పుట్టించడం వేరు. పుట్టించింది ల్యాబులో ఆ పిల్ల అన్నదని చెప్పిన చివరి మాట ఒక్కటే. నిజానికి తను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ఇంకా తెలీదు బాబాయ్," అంది. ఇక ఇంటికే అనుకుని నేను లేచాను. మా అమ్మాయి లేవలేదు.

"తెలీదని చెప్పింది ఇక్కడ ఈ అక్క ఒక్కతే నాన్నా. నేను ఇక్కడే చదువుతా," అంది.

ఆ "తెలీదు" మీదే అరవై టిక్కీలు అమ్మాను. సరుకు ఎందుకమ్మావురా అని అడిగినవాళ్లకు ఆ మాట చెప్పలేక, ఒక్క రూపాయీ వృథా కాలేదన్న మాట నేనే అల్లుకున్నాను.