గాలిమర నీళ్లు

ఢిల్లీబాబు ముప్పయ్యేళ్లు గాలిమరలు బాగుచేసిన మనిషి. కొబ్బరితోటలో బావి మీద ఇనుప చట్రం, దాని పైన రేకు రెక్కల చక్రం. సముద్రపు గాలికి చక్రం తిరిగితే పంపు కడ్డీ లేచి పడుతూ నీళ్లు తోడేది. కరెంటు మోటార్లు వచ్చాక ఆ మరలు మూలపడ్డాయి, తిత్లీ తుపానుకు చాలావరకు కూలిపోయాయి. మిగిలినవాటిని వెతుక్కుంటూ, పాత కెమెరా ఒకటి కొనుక్కుని, ఫొటోలు తీస్తున్నాడు.

నేను టెక్కలి గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మా పరిచయం పలాసలో, ఆసుపత్రి వరండాలో. లోపల నా తమ్ముడికీ, ఢిల్లీబాబు భార్య బుచ్చమ్మకూ ఒకే రోజుల్లో డయాలసిస్. బయట నాలుగేసి గంటలు కూర్చోవాలి. నా చేతిలోని కళింగ గాంగుల చరిత్ర చూసి, "ఏటి మాస్టారూ, రాజుల కతలా? నాకూ ఓ నాలుగు ముక్కలు సదివి సెప్పండి, పొద్దుపోద్ది" అన్నాడు.

తమ్ముడు పోయాడు. ఆరు నెలలకు బుచ్చమ్మ పోయింది. చదువు మాత్రం ఆగలేదు. ఇద్దరం బస్సెక్కి ముఖలింగం వెళ్లి గుడి గోడల మీది శాసనాలు చూసేవాళ్లం. పాత లిపి నాకంటే అతనికే తొందరగా పట్టుబడింది. ఎవరు ఎవరి పుణ్యం కోసం అఖండదీపం పెట్టించారో నోటుబుక్కులో రాసుకునేవాడు.

"రాళ్ల మీద ఒకటి బాగుంటాది మాస్టారూ. ఎందుకు సచ్చిపోనారో రాయరు. దీపం ఎట్టినారు, అంతే."

మా వైపు ఇంటింటా కిడ్నీ జబ్బు, బావి నీళ్ల వల్లేనని కొందరి అనుమానం. పలకరింపే "ఎంతుంది?" అని. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందని. ఆ మాట వినిపిస్తే ఢిల్లీబాబు లేచి పక్కకు వెళ్లిపోయేవాడు. కూతురు అనిత నర్సు. రెండేళ్లుగా పరీక్ష చేయించుకోమంటోంది. ఈ శాసనం అయ్యాక అంటాడు, ఆ గాలిమర ఫొటో తీశాక అంటాడు. భయమనుకున్నాను.

మొన్న మాఘంలో కవిటి దగ్గర ఒక తోటలో గాలిమర ఇంకా నీళ్లు తోడుతోందని తెలిసి, అతని బండి వెనక కూర్చుని వెళ్లాను. నిజంగానే తిరుగుతోంది. పంపు కడ్డీ పడినప్పుడల్లా కీచుమంటోంది. అతను కెమెరా కంటికి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నొక్కలేదు.

తోటగల మంగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. డెబ్బై దాటిన మనిషి. అతను వెనక్కి జరిగి, బండికి తగిలించిన నీళ్ల సీసా చూపించాడు.

"ఓలమ్మో! మా నీల్లు ముట్టవేటి? సీసా నీల్లు తాగినోలు సచ్చిపోనేదేటి బాబూ? నాను పుట్టిన కాడినుంచీ ఇయ్యే తాగుతన్నాను."

"నీల్లకి బయపడి కాదమ్మా" అన్నాడు. చెంబు వైపు చూడకుండా చెప్పుకొచ్చాడు. "ఊల్లోకి మంచినీల్ల బండి వొచ్చినప్పుడు మా ఆడమనిషి బిందె పట్టుకుని బయలెల్లింది. మన గాలిమర నీల్లు తియ్యగుంటే బండి నీల్లేటే, నా పనితనం మీద నమ్మకం నేదా అని దెబ్బలాడినాను. మల్లీ ఎల్లనేదు. నాను బతికినన్నాల్లూ ఈ సప్పుడు ఇంటే బిందె అట్టుకుని ఎదరకొచ్చి నిలబడతాది."

"మరి నువ్వో? నువ్వూ అయ్యే తాగినావు కదా? పరీచ్చ సేయించుకుంటే తెలిసిపోద్ది."

"తెలిసిపోద్దనే కదమ్మా సేయించుకోంది. నాకూ ఉంటే నా నీల్లే సంపినట్టు. నేదనుకో... అదే నీల్లు తాగి నాను మిగిలిపోనాను."

మంగమ్మ చెంబు గట్టు మీద పెట్టింది. "తెలీకపోతే ఆ మనిషి నిన్ను ఒగ్గేసి ఎల్లిపోద్దేటి? ఇక్కడిదాకా ఎంట వొచ్చింది గదా."

అతను కెమెరాకి మూత పెట్టేశాడు. ఫొటో తీయకుండానే తిరిగొచ్చాం.

ఆ వారమే పూండిలో కిడ్నీ పరీక్షల శిబిరానికి వెళ్లి రక్తం ఇచ్చాడు. కాగితం వచ్చిన రోజు నన్ను రమ్మన్నాడు. వెళ్లేసరికి అనిత గుమ్మంలోనే ఎదురొచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"సున్నా పాయింటు తొమ్మిది, మాస్టారూ! నాన్నకేటీ నేదు!"

ఢిల్లీబాబు కాగితం తీసుకుని, గుడి గోడ మీది అక్షరాలు చదివినట్టే వేలు పెట్టి చదివాడు.

"అయితే నీల్లు కాదన్నమాటేనా?"

అనిత నవ్వు తగ్గింది. నర్సు కదా, అబద్ధం ఆడలేకపోయింది. "ఒక్క మనిషిని సూసి సెప్పలేం నాన్నా. పెద్దపెద్దోలకే తెల్దు. అందరికీ రాదు, కొందరికే ఎందుకొత్తాదో..."

"ఒకే బావి. ఒకే బిందె. ఒకే గళాసు."

"నువ్వు బాగున్నావు కదా. నాకదే సాలు."

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు.

"అంటే ఇంకా సానా ఏల్లుంటాను."

"ఉంటావు మరి! నూరేల్లుంటావు" అని అనిత లోపలికి వెళ్లింది, టీ పెట్టడానికి. నేను అతని ముఖం వైపు చూడలేదు.