మూడు వేళ్ళకే మూడు పూతలు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే అన్నాడు, మా అత్త ఇప్పటికీ రోజుకొకసారి అంటుంది. పాలవాడు క్యాను వంచే తీరు చూసి నీళ్ళు కలిపాడో లేదో చెప్పేస్తాను. కూరగాయల బండివాడు త్రాసు ఎత్తితే నా చూపంతా అతని చిటికెన వేలి మీదే ఉంటుంది. అలాంటి నా ఇంట్లో, నా కళ్ళ ముందు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నా కూతురు ఉన్నట్టుండి గోళ్ళరంగు మొదలుపెట్టింది. ఊరుకుంటానా?

మాది సోలాపూర్‌లో నేతవాళ్ళ వాడ. మా ఆయన పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేస్తాడు. నేను, మా అత్త ఇంట్లో బీడీలు చేస్తాం. రోజుకు వెయ్యి బీడీలు, కంపెనీ నాకిచ్చిన కార్డు మీద, వాళ్ళ బ్రాంచికి చేర్చాలి. ఆరు వందలు నావి, నాలుగు వందలు అత్తవి. ఆమె మధ్యాహ్నం అన్నం తిని, తన వంతు ఆకు, పొగాకు సంచిలో వేసుకుని వెనక గల్లీలో ఉన్న చెల్లెలి ఇంటికి పోతుంది. అక్కడ ముచ్చట్లు పెట్టుకుంటూ బీడీలు చేసి చీకటి పడకముందే తెస్తుంది.

కూతురు పుట్టిన రోజే నేనొకటి అనుకున్నాను. దీని ఒళ్ళో బీడీల చేట పడకూడదు. పొగాకు డబ్బా పక్కకు జరపమని కూడా దానికి చెప్పేదాన్ని కాదు. మా గల్లీలో ఆడపిల్ల మీద ఏదైనా మాట పుట్టిందంటే ముందు ఆగిపోయేది కాలేజీ. కాలేజీ ఆగిన మర్నాడే ఒళ్ళోకి చేట వస్తుంది. అలా వచ్చిన చేటలు ఎన్నో చూశాను. మా ఆయన మంచివాడే గానీ, ఎవడో పోరగాడి పేరు వినబడితే ఆయన కూడా అదే పని చేస్తాడు. నా భయం అదీ.

ఒక ఆదివారం గడప మీద కూర్చుని పిల్ల గోళ్ళరంగు సరంజామా అంతా పరిచింది. కొంతం చౌక్ దగ్గర గాజుల దుకాణంలో కొన్నదట. అడుగున వేసే తెల్లటి పూత ఒకటి, వంకాయ రంగు ఒకటి, చమ్కీ కలిపిన సీసా ఒకటి, పైన వేసే టాప్‌కోట్లు రెండు. నేను చేట ఒళ్ళో పెట్టుకుని ఆకు మీద కన్ను, దాని మీద కన్ను వేసి కూర్చున్నాను. ఒక గోటికి చమ్కీ వేసి పైన ఏమీ వేయలేదు. ఆరాక తడిమి చూస్తే గరుకుగా ఉండి చున్నీ దారం పట్టుకుంది. రెండో గోటికి ఒక టాప్‌కోటు, మూడోదానికి రెండు. అక్కడితో ఆగిందా? లేచి వెళ్ళి సబ్బునీళ్ళలో చేతులు ముంచింది. బట్టలుతికే బండకేసి గోళ్ళు రాసింది. పిన్నీసు తీసి అంచుల్లో గీకింది. అందం కోసం రంగు వేసుకున్న పిల్ల దాన్ని బండకేసి రాస్తుందా?

"ఎవరికోసమే ఈ సోకులు?" అన్నాను.

"ఎవరికోసం గాదమ్మా. ఏది గట్టిగుంటదో చూస్తున్న, బస్."

"గట్టిగుండెటందుకు అదేమన్న ఇంటి స్లాబా?"

అది నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు. తర్వాత పది గోళ్ళకూ వరసగా వేసుకుంది. అప్పుడు చూశాను. ప్రతి చేతికీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటికే రంగు మీద మరో మూడేసి పూతలు పడ్డాయి. మిగతా రెండింటికీ ఏదో వేశానంటే వేశానన్నట్టు ఒక్క పూతతో సరిపెట్టింది. చూపించుకోవడానికైతే ఉంగరం వేలికి కదా సింగారం? దీనికి ఇదేం లెక్క?

ఇక ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాను. మధ్యాహ్నమే కాలేజీ అయిపోయినా లైబ్రరీ అంటూ ఇంటికి ఆరున్నర దాటాక వస్తోంది. వస్తూనే కాళ్ళు కడగదు, చేతులు కడుగుతుంది. నేను చెయ్యి పట్టుకోబోతే లాక్కుంటుంది. వారానికి రెండుసార్లు ఆ రంగు తీసి మళ్ళీ వేస్తుంది, అదీ నేను బ్రాంచికి పోయిన వేళ చూసి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దాని కాలేజీ సంచి వెతికాను. పిండేసిన నిమ్మ చెక్కలు దొరికాయి. మొహానికి కూడా మెరుగు మొదలైందన్నమాట అనుకున్నాను.

అత్తతో చెప్పాను. "జెర పోరి మీద కన్నేసి ఉండు అత్తా. యవ్వారం నాకు మంచిగ అనిపిస్తలేదు."

"గోళ్ళకు రంగేస్తె కొంప మునుగుతదా? పిల్ల గద, ఏసుకోనీ," అంది అటు తిరిగి కూర్చుంటూ.

నా పెళ్ళికి గోరింటాకు ఎక్కువ పండిందని నెల రోజులు దెప్పిన మనిషి ఈమె! ఇప్పుడు రంగు సీసాలను వెనకేసుకొస్తోంది. ఇద్దరూ ఒకటయ్యారని అర్థమైంది గానీ, దేనికోసం ఒకటయ్యారో అంతు చిక్కలేదు. మనవరాలి ప్రేమకు ముసలిది కాపలా కాస్తోందని కూడా అనుకున్నాను. అంత దూరం పోయింది నా బుర్ర.

తర్వాత ఒక పొద్దున బ్రాంచిలో నా వంతు వచ్చింది. బీడీలు చూసి తీసుకునే చెకర్ ఒక కట్ట విప్పి, ఒక బీడీ మూతిని వెలుగుకు ఎత్తి పట్టాడు.

"ఏందక్కా, బీడీకి చమ్కీ పెట్టినవ్? పెండ్లికి తోలిస్తున్నవా?"

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ బీడీ లాక్కుని చూశాను. మూతి మడతలో వంకాయ రంగు పెచ్చు చిన్నది, దానికి అతుక్కుని ఒక చమ్కీ. కట్ట మీద ముడి మా అత్తది. పిల్ల పక్కన కూర్చుంటే రాలి పడి ఉంటుందని నాకు నేనే చెప్పుకోబోయాను. కానీ రాలి పడితే పైన ఉండాలి. ఇది మడత లోపల ఉంది. బీడీ మూతి మడిచి లోపలికి నొక్కేది గోటితోనే. ఆ మడతలోకి పోయేది చేసినవాళ్ళ గోరొక్కటే. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదాన్ని, నాకు ఇంకొకరు చెప్పాలా?

ఆ సాయంత్రం కూతురు రాగానే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. రంగు తీసే రిమూవర్‌తో దూది తడిపి చూపుడువేలికి నొక్కి పట్టాను. చమ్కీ రంగు అంత తొందరగా వదలదు, చాలాసేపు అదిమి పట్టాలి. ఈసారి అది చెయ్యి లాక్కోలేదు. ఎంతకాలమైందో దాని వేలు నా చేతిలో అంతసేపు ఉండి. దూది తీస్తే కింద గోరు పసుపూ గోధుమా కలిసిన రంగులో ఉంది, అంచు ఒక పక్కకు అరిగి ఉంది. బొటనవేలూ అంతే, మధ్యవేలూ అంతే. నా గోళ్ళు పక్కన పెడితే తేడా లేదు.

"ఎన్ని రోజులాయెనే?" అన్నాను.

గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్త చెప్పింది. "ఏడాదాయె బిడ్డా. నా వేళ్ళు వంగుతలేవు. నేను ఆకు కోసిస్త, పిల్ల మధ్యానం కాలేజీ కాంగనే చెల్లె ఇంటికొచ్చి చేస్తది. వెయ్యి కాకుంటె నీ కార్డు తీస్తరని భయమైంది."

"ఏడాది నా కళ్ళు గప్పినవా అత్తా! నా పిల్ల ఒళ్ళ చేట వెట్టినవా నువ్వు?" అని ఒంటికాలి మీద లేచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను.

"బాపమ్మనేం అనకు. నేనే చేస్తనన్న," అంది పిల్ల. "ఇన్ని దినాలు పొగాకు మరక నిమ్మ చెక్కతోని రుద్దితె పోతుండె, ఇప్పుడు పోతలేదు. ఉత్త రంగేస్తె మూతి మడిచేకాడ పెచ్చు లేస్తది, కింద మరక కనవడ్తది. చమ్కీ ఏస్తె కొంచెం ఊడినా ఎవ్వలకు తెల్వది. పైన రెండు పూతలేస్తె ఊడనే ఊడదనుకున్న."

"నేను పోరగాడెవడో ఉన్నడనుకున్ననే," అన్నాను.

"పోరగాడా? నాకు అంత టైమేడిదమ్మా?" అంది.

పాలల్లో నీళ్ళు కనిపెట్టేదాన్ని, రోజూ వెయ్యి ఎలా నిండుతున్నాయో ఒక్కసారి అనుమానించలేదు. నిండుతున్నాయి కాబట్టి అనుమానం రాలేదు. అంతే, అదే నా తప్పు. దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత ఆకు కోసే కత్తెర తెచ్చి, బీడీ మూతి నొక్కడానికి గోరే మిగలకుండా ఆ అరిగిన గోళ్ళు మొదటికంటా కత్తిరించాను.

రెండో నాడు నేను చేసిన కట్టలే తీసుకెళ్ళి బ్రాంచిలో ముందు పెట్టాను. చెకర్ చూసి తలెత్తాడు.

"ఏందక్కా, ఇయాల ఆరు వందలేనా? రేపు నింపుతవా?"

"లేదు. నావి ఇన్నే."

"దినాం వెయ్యి తెస్తుంటివి గద? గిట్లయితె కార్డు ఉండదు మల్ల, చెప్తున్న."

"అవి నావి కావు. ఇవే నావి."

అతను విసుక్కుంటూ ఎప్పటిలాగే వెయ్యికి సరిపోయే ఆకు తూచి నా వైపు తోశాడు. నేను అందులోంచి నాలుగు వందల ఆకు తీసి అతని ముందే వెనక్కి పెట్టాను.