వెనక ట్యాంకు డీజిలు యాడికి పోయినట్టు?

అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం పోయే దారిలో నాకొక రేకుల షెడ్డు ఉండేది. బానెట్ ఎత్తకుండా, ఇంజను శబ్దం విని రోగం చెబుతానని జిల్లా అంతా నాకు పేరు. కలెక్టరు జీపు కూడా నా షెడ్డు ముందు ఆగింది. సరే, జిల్లా అంతా కాదు, గుంతకల్లు వైపు నన్నెవరూ ఎరగరు. జీపు ఆగిన మాట నిజమే, కానీ పక్క హోటల్లో టీ కోసం ఆగింది. బానెట్ కూడా ఎత్తేవాణ్ణి. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను కాబట్టి, ఒక్క పని గురించి గొప్పలు పోవడానికి నన్ను వదిలెయ్యండి.

తొంభైల చివర్లో బోర్లు వరసగా ఎండిపోవడం మొదలైంది. కాలిపోయిన మోటార్లను బోరులోంచి పైకి లాగే బండ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వేరుశనగ మీద ఆశ వదులుకున్న ఒక రైతు పాత డీజిల్ పికప్ కొని, దాని మీద మూడు కాళ్ల ఇనుప స్టాండూ గొలుసు కప్పీ పెట్టుకుని ఆ పనిలోకి దిగాడు. పోవాల్సిన ఊళ్లు దూరం, దారిలో బంకులుండవు. అందుకని రెండో ట్యాంకు పెట్టమని నా దగ్గరికి వచ్చాడు.

పాత సామాన్ల అంగట్లో ఒక ట్యాంకు వెతికి తెచ్చి, వెనక చక్రం పక్కన బిగించాను. డ్రైవరు సీటు కింద ఒక మీట పెట్టాను. ఇటు తిప్పితే ముందు ట్యాంకు, అటు తిప్పితే వెనక ట్యాంకు. డీజిలు చూపించే ముల్లు మాత్రం ముందు ట్యాంకుకే ఉంది. "ముందరది నిండుగా అట్లే పెట్టుకో, కష్టానికి పనికొస్తాది. మొదట వెనకది వాడు" అని ఆయన పెట్టుకున్న డ్రైవరుకు పాఠం కూడా చెప్పాను. అంత చక్కగా బిగించినవాడు ఈ జిల్లాలో మరొకడు లేడనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున రైతు, డ్రైవరు బండితో సహా వచ్చారు. రైతు దిగుతూనే అరిచాడు.

"మేస్త్రీ, బండికేం రోగం లేదు. రోగమంతా వీనికుండాది. రెండు ట్యాంకులూ నా కండ్ల ముందరే నింపిచ్చినా. మూడు ఊర్లు తిరిగేలోపల వెనకది ఎండిపాయ. నడిదారిలో బండి నిలబడిపోయి, పైపుల్లో గాలి తీసి ముందరదాని మీద నడుపుకునేది ఇది మూడోసారి. పైపు పెట్టి పీల్చి అమ్ముకుంటాండాడు!"

డ్రైవరు యాభై దాటిన మనిషి, రైతు కంటే పదేళ్లు పెద్ద. మెల్లగా అన్నాడు.

"నేను తాగేది టీ, బీడీ సామీ. డీజిలు తాగను."

హోటల్లో టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఒకాయన, "యా బంకోనికి అమ్మినాడో అడగప్పా" అని ఎగదోశాడు.

"చూసి చెప్పు మేస్త్రీ" అన్నాడు రైతు. "బండిలో లోపం లేదంటే, తాళం ఈడనే ఇచ్చేసి నడుచుకుంటా పోతాడు."

డీజిలు దొంగ అని ఒకసారి పేరు పడితే, మా వైపు ఆ డ్రైవరుకు మళ్లీ ఎవరూ స్టీరింగు ఇవ్వరు. అది ముగ్గురికీ తెలుసు.

నేను అందరూ చూసేలా కళ్లు మూసుకుని, ఇంజనుకు చెవి పెట్టి విన్నాను. ఏమీ తెలియలేదు. ఫిల్టరు విప్పి చూస్తే శుభ్రంగా ఉంది. వెనక పైపును నోటితో ఊదితే గాలి సాఫీగా పోయింది. క్యానుతో వెనక ట్యాంకులో డీజిలు పోసి కింద పడుకుని చూశాను, ఒక్క చుక్క కారలేదు. మీట వెనక్కి తిప్పి ఇంజను వేస్తే నిలకడగా తిరిగింది. చెత్త లేదు, గాలి పట్టలేదు, ఎక్కడా కారడం లేదు.

రైతు తాళం కోసం చెయ్యి చాపాడు.

డ్రైవరు ఇంజను ఆపి తాళం తీశాడు కానీ ఇవ్వలేదు. నా వైపు చూసి, "అన్నా, ఒక్క మాట. వెనక ట్యాంకు మీద పోయినప్పుడల్లా ముందర ట్యాంకు మూత తడిగా ఉంటాంది. బంకోడు ఎక్కువ పోసినాడేమో అనుకోని గుడ్డతో తుడుస్తాండా" అన్నాడు.

మళ్లీ బండి కింద దూరాను. ఈసారి తెలిసింది.

డీజిల్ పంపు పీల్చినదంతా ఇంజను మండించదు. మిగిలినది ఒక సన్న పైపులో ట్యాంకుకు తిరిగిపోతుంది. ఏ ట్యాంకు నుంచి వచ్చిందో ఆ ట్యాంకుకే పోవాలి. నేను పెట్టిన మీటకు వచ్చే దారి ఉంది, తిరిగిపోయే దారి లేదు. వెనక నుంచి పీల్చిన డీజిలు, అప్పటికే నిండుగా ఉన్న ముందు ట్యాంకులోకి పోయి, మూత సందులోంచి దారి పొడవునా కారిపోతోంది.

పది నిమిషాల్లో ఆ పైపు మార్చేసి, "ఫిల్టరులో చెత్త" అంటే నా పేరు నిలుస్తుంది. కానీ రేపటి నుంచి డీజిలు తగ్గదు. దొరికిపోయాక మానుకున్నాడులే అనుకుంటారు. నా రిపేరే డ్రైవరును దొంగను చేస్తుంది.

ఆ క్షణమే బయటికి దూకి నిజం చెప్పానని ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. అదీ అబద్ధమే. వీపు మంటెక్కేదాకా ఆ కిందనే పడుకున్నాను. లేచాక కూడా నా నోట మొదట వచ్చిన మాట వేరు.

"తిరుగు పైపు సరిగ్గా లేదు సామీ. కంపెనీ తప్పు."

"కంపెనీ తప్పయితే ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెట్ల వచ్చె?" అన్నాడు రైతు. "వీన్ని కాపాడల్లని చూస్తాండావు నువ్వు."

అబద్ధం కూడా డ్రైవరును కాపాడలేకపోయింది. తిరుగు పైపును ముందు ట్యాంకు దగ్గర విప్పి, దాని కొసను ఒక ఖాళీ సీసాలో పెట్టి, ఆ సీసా రైతు చేతికే ఇచ్చాను. మీట వెనక ట్యాంకుకు తిప్పి ఇంజను వెయ్యమన్నాను. చూస్తుండగానే సీసా నిండి, రైతు చేతి మీదుగా మోచేతి దాకా కారింది.

"ఇదంతా యాడికి పోతాంది?"

"నిండిన ముందర ట్యాంకులోకి. ఆడ పట్టక రోడ్డు మీదికి."

"ఎవడు బిగించినాడు ఇట్ల?"

"నేనే. ముందరది నిండుగా పెట్టుకోమన్నదీ నేనే. నీ డ్రైవరు చుక్క డీజిలు ముట్టలేదు."

"థూ, నీ పనితనం మండా!" అని రైతు సీసా కింద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, "సరే, పైపు మార్చినాక పోదాం" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. "దొంగ అన్నప్పుడు హోటలంతా వినె సామీ" అన్నాడు. అంతే అన్నాడు.

రైతు హోటలు వైపు తిరిగి గొంతెత్తాడు.

"ఏమప్పా, అందరూ వినండి! ఈయప్ప దొంగ కాదు. డీజిలు దొంగ ఈ మేస్త్రీ!"

హోటలు నవ్వుతో మోగిపోయింది. డ్రైవరు కూడా నవ్వాడు, ఆ పొద్దున మొదటిసారి. నన్ను అంతమంది ముందు దొంగ అన్నది ఆ ఒక్కసారే. అంతమంది అంటే ఏడుగురు, టీ కాచేవాడితో కలిపి. నేను మాత్రం తల ఎత్తుకునే నిలబడ్డాను. ఇందులో తగ్గించి చెప్పాల్సింది ఏమీ లేదు.