దాచిపెట్టిన అంకె

ఆఫీసులో అందరూ ఆమెను టెలిస్కోపు వదిన అంటారు. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పెన్సిలు కొరుకుతుంది, లేస్తుంది, లేచింది ఎందుకో మరిచిపోయి మళ్ళీ కూలబడుతుంది.

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో కొలవడం ఆమె పని. తగువంతా ఆ వేగాన్ని చెప్పే అంకె దగ్గరే. విశ్వం పుట్టిన తొలినాటి వెలుగును బట్టి లెక్కగట్టేవాళ్ళకు అరవై ఏడు వస్తుంది. నక్షత్రాల దూరాలు కొలిచే వదిన జట్టుకు డెబ్బై మూడు. ఏళ్ళ తరబడి ఎవరూ మెట్టు దిగడం లేదు. "విశ్వం సంగతేమో గానీ, మన వంటిల్లు అంగుళం పెరగలేదు" అంటాడు భర్త.

ఈసారి మొదటినుంచీ మళ్ళీ కొలుస్తున్నారు. కోరుకున్న జవాబు వైపు చెయ్యి జారకుండా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. జట్టును నడిపే పెద్దాయన తనకొక్కడికే తెలిసిన అంకెను లెక్కలో కలిపేస్తాడు. మిగతావాళ్ళకు తెర మీద కనిపించేది ఉత్తుత్తి ఫలితమే. తప్పులన్నీ దిద్దడం అయ్యాకే ఆ అంకె తీసేసి అసలుది చూస్తారు.

సోమవారం వదిన ఫలితాన్ని తెర మీద పెట్టింది. వెనక నిలబడ్డ పెద్దాయన ముఖం చాటంతయింది. పరమ పిసినారి, అందరికీ తనే టీ తెప్పించాడు. దాచిన అంకె తీసేసి చూసుకుని ఉంటాడు, డెబ్బై మూడే వచ్చిందన్నమాట అనుకుంది వదిన.

మర్నాడు ఒక తప్పు దొరికింది. దారిలోని ధూళి నక్షత్రాల వెలుగును మసకబారుస్తుంది. దూరపు నక్షత్రాల గుంపొకదానికి ఆ మసకను రెండుసార్లు సవరించారు. దిద్దితే అంకె దిగుతుంది. ఇంకెప్పుడైనా అయితే అప్పటికప్పుడు దిద్దేసేది. ఈసారి మాత్రం మళ్ళీ చూద్దాంలే అనుకుంది. కిటికీ తెరిచింది, మూసింది. ఇదే అంకెను పెంచే సవరణ అయితే ఆగేదాన్నా? తన మీద తనకే ఒళ్ళు మండింది. తప్పు దిద్దేసి తిన్నగా పెద్దాయన గదికి వెళ్ళింది.

"నిన్న మీ ముఖంలో అసలు అంకె కనిపించింది సార్. ఇక నా చేతి లెక్క నమ్మకండి."

పెద్దాయన తెల్లబోయాడు. "నిన్న నాకు మనవరాలు పుట్టిందమ్మా. నెల ముందే వచ్చింది, ఇల్లు చేరేదాకా చెప్పొద్దంది మా ఆవిడ. నీ తెర మీద ఏముందో నేను చూడనే లేదు."

వదినకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఏ గొడవా లేదు, వెళ్ళి పని చేసుకోమన్నాడాయన. ఆమె కదల్లేదు.

"అసలు అంకె తెలియకుండానే, తెలిసిందనుకున్నందుకే తప్పు దిద్దడానికి నా చెయ్యి ఆగింది సార్. మిగతా లెక్క ఇంకెవరికైనా ఇవ్వండి."