చేదు తగిలిందా, ఓబులేసూ?

నేను రిటైరవడానికి ముందు ఏడాది నవంబరులో నన్ను ఖతార్‌లోని అల్ ఖోర్ అవతల ఉన్న ఒక ప్లాంటు షట్‌డౌన్‌కు రెస్పిరేటరీ ప్రొటెక్షన్ కోఆర్డినేటర్‌గా వేశారు. పేరు మూరెడు పొడుగున్నా, మాస్కులు పంచే ఉద్యోగమనే అందరి అభిప్రాయం. షట్‌డౌన్ అంటే ప్లాంటు ఆపేసి మరమ్మతులన్నీ ఆరు వారాల్లో ముగించడం. ఆ రోజుల్లో బాయిలర్ల మీది పాత ఇన్సులేషన్ ఊడదీసే పనివాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నటి దుమ్ములోనే ఉంటారు. అది ఊపిరితిత్తుల్లో చేరిందంటే మళ్లీ బయటికి రాదు.

మాస్కు ఇచ్చేముందు ఫిట్ టెస్టు చేయాలి. మనిషికి మాస్కు తొడిగి, తలమీద సంచిలాంటి హుడ్ వేసి, అందులోకి శాకరిన్ నీళ్లు తుంపరగా కొడతాం. తల అటూ ఇటూ తిప్పమంటాం, వంగమంటాం, మాట్లాడమంటాం. నోటికి తీపి తగిలితే మాస్కు అంచులోంచి గాలి దూరుతోందన్నమాట, ఫెయిల్. అయితే తగిలిందో లేదో చెప్పాల్సింది హుడ్ లోపలున్న మనిషే. ఈ ముక్క ఇరవై ఏళ్లపాటు ఎంతమందికో పాఠంగా చెప్పాను. చెప్పానే గానీ దానిగురించి ఆలోచించలేదు.

ఓబులేసుది రాయచోటి దగ్గర పల్లె. ఇన్సులేషన్ పనిలో మంచి చేయి. పరీక్ష రోజున వంద నుంచి వెనక్కి తెలుగులో గడగడా లెక్కపెట్టాడు. చెంపల మీద మూడు రోజుల గడ్డం ఉంది. వెంట్రుకలుంటే మాస్కు చర్మానికి అతకదు కాబట్టి, నిబంధన ప్రకారం ఆ ముఖంతో అతన్ని కూర్చోబెట్టనేకూడదు. కానీ బయట నలభై మంది వరసలో ఉన్నారు, నాకు భోజనం వేళ దాటిపోతోంది. రేపటి నుంచి నున్నగా గీసుకుని రమ్మని చెప్పి కూర్చోబెట్టాను. తీపి తగిలిందా అంటే "లే సార్" అన్నాడు. పాసైనట్టు కార్డు మీద సంతకం పెట్టాను.

పది రోజుల తర్వాత టీ వేళకు బాయిలర్ దగ్గరికి వెళ్లాను. ఓబులేసు మాస్కు తీసి పక్కన పెట్టాడు. గడ్డం ఒత్తుగా పెరిగింది. మాస్కు తిప్పి చూస్తే లోపలి వైపు తెల్లటి దుమ్ము చార. అందరి ముందూ అతని మీద కేకలేశాను. వాళ్ల ఫోర్‌మన్ రాజయ్యది కరీంనగర్. "ఎంత జెప్పినా ఇంటలేడు సార్. గడ్డం తియ్యనంటడు. పని మాత్రం మంచిగ జేస్తడు" అన్నాడు.

అతన్ని అప్పటికప్పుడే పని నుంచి దింపేశాను. కానీ మొదటి పరీక్షలో ఎలా గట్టెక్కాడో నాకు తెలియాలి. ఆఫీసుకు తీసుకెళ్లి మళ్లీ హుడ్ వేశాను. ఈసారి శాకరిన్ బదులు చేదు మందు కొట్టాను. అదీ ఇలాంటి పరీక్షకు వాడేదే, నాలుక మీద పడితే ముఖం దాచుకోవడం కష్టం. ఓబులేసు కళ్లు మూతలు పడ్డాయి, నుదురు ముడతలు పడింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. చేదు తగిలిందా అన్నాను.

"ఏం తెలీలే సార్" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. హుడ్ తీసేసి, మంచినీళ్లిచ్చి, తలుపు వేసి అడిగాను.

"నా పెండ్లాం కడుపుతో ఉండాది సార్. ఏడో నెల. ముందు రెండు తూర్లు నిలబడలే. కాన్పయ్యే దాకా గడ్డం గీకొద్దంటాది మా యమ్మ. గీక్కోకుంటే మీరు పనిలోంచి తీసేస్తారు. షట్‌డౌన్ అయ్యేదాకా ఉన్నోళ్లకే గదా సార్ ముందు లీవు. కాన్పుకు నేను ఆడుండల్ల." గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు: "ఆ పొద్దు తీపి గూడా తెలిసింది సార్."

మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు నేనూ విశాఖపట్నంలో నాలుగు నెలలు గడ్డం పెంచాను. నాకు నమ్మకమేమీ లేదు, అయినా గీసుకోవడానికి చెయ్యి రాలేదు. డ్రాయింగ్ బల్ల ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి ఆ గడ్డంతో నాకు వచ్చిన ఇబ్బంది దురద ఒక్కటే. ఓబులేసు మూఢనమ్మకం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాలేదు.

గడ్డం ఉన్నవాళ్లకు వేరే పరికరం ఉంది. నడుముకు కట్టుకున్న చిన్న ఫ్యాను గాలిని వడకట్టి, తల మీది వదులు హుడ్‌లోకి పంపుతుంది. అది ముఖానికి అతకనక్కర్లేదు. మా స్టోరులో అడిగితే "మాఫీ" అన్నారు, అరబ్బీలో లేదని. పెయింటింగ్ కాంట్రాక్టర్ దగ్గర రెండున్నాయి, బతిమాలి ఒకటి తెచ్చాను. బ్యాటరీతో నడిచేది, నిప్పురవ్వ పుట్టొచ్చు కనుక ప్రతి షిఫ్టుకూ గ్యాస్ పరీక్ష చేయించి పని పర్మిట్‌లో రాయించాలి. రాజయ్య రోజూ సణుక్కుంటూనే ఆ పని చేయించాడు.

తర్వాత రిపోర్టు రాశాను. గడ్డంతో వచ్చిన మనిషికి నేనే పరీక్ష చేసి పాస్ చేశానన్నది మొదటి వాక్యం. మేనేజరు నన్ను లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగాడు, ఇచ్చాను. మొదటి పరీక్ష రోజున నేను ఇచ్చిన కార్డులన్నీ రద్దు చేసి, అందరికీ చేదుతో మళ్లీ పరీక్ష చేశాం. ఇంకో నలుగురు ముఖాలు చిట్లించారు. మొదటిసారి ఎందుకు చెప్పలేదంటే, ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంది. నన్ను మోసం చేయాలన్నది మాత్రం ఎవరి కారణమూ కాదు.

ఓబులేసు షట్‌డౌన్ పూర్తి చేసి సెలవు మీద వెళ్లాడు. ఆడపిల్ల పుట్టింది. మార్చిలో నున్నటి చెంపలతో తిరిగొచ్చి పరీక్షకు కూర్చున్నాడు. చేదు కొట్టాను, వంద నుంచి ఒకటి దాకా లెక్కపెట్టాడు. తగిలిందా అన్నాను.

"లే సార్. ఈ తూరి నిజంగానే లే" అన్నాడు.

ఎక్స్‌రే కూడా శుభ్రంగానే వచ్చింది. అయితే ఆ పది రోజుల దుమ్ము ఏం చేసిందో చాలా ఏళ్లు గడిస్తే గానీ ఎక్స్‌రేలో కనపడదు. ఆ సంగతి అతనికీ చెప్పాను. ఆ పది రోజులూ అతని దగ్గరున్న కార్డు మీద సంతకం నాదే.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ హుడ్ వేసే ముందు ప్రతి మనిషినీ ఒక మాట అడిగేవాణ్ణి: తగిలిందని చెబితే నీకేం పోతుంది? ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. జవాబు విన్నాకే తుంపర కొట్టేవాణ్ణి.